పట్టుపురుగుల అటకలో మార్కోనీ

రేడియో చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా సముద్రం దగ్గర మొదలుపెడతారు. ఓడలు, తీరాలు, అట్లాంటిక్ మహాసముద్రం వగైరా. నేను అటక దగ్గర మొదలుపెడతాను. ఆ చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం నిజంగా అటక మీదే జరిగింది. పైగా మాది ఝరాసంగం దగ్గరి వ్యవసాయ కుటుంబం, ఇల్లు పెంకుటిల్లు. మాకూ ఒక అటక ఉన్నది. దాని మీద పోయిన ఏడు నేను చేసిన తెలివితక్కువ పని కూడా ఒకటి ఉన్నది. ఆ సంగతి దాని చోట చెబుతాను.

ఇటలీలో బొలోనా నగరానికి దగ్గర పొంటెక్కియో అని ఒక పల్లె. జుసెప్పె మార్కోనీ అనే భూస్వామికి అక్కడ పొలాలూ, విల్లా గ్రిఫోనె అనే పెద్ద ఇల్లూ ఉండేవి. ఆ ఇంటి పై అంతస్తులో, కప్పు కింద, పూర్వం పట్టుపురుగులను పెంచేవారు. మల్బరీ ఆకు మేసే పురుగులకు గాలీ వెచ్చదనమూ కావాలి కదా, అందుకని పై గది. పురుగుల పెంపకం ఆగిపోయిన తరువాత ఆ గది ఊరికే పడి ఉన్నది. మన ఇళ్లల్లో విరిగిన నాగలీ, పాత గుమ్మీ పడి ఉన్నట్టే.

ఆ జుసెప్పె గారి రెండవ భార్య అన్నీ జేమ్సన్ ఐర్లండు దేశస్థురాలు, పేరుమోసిన విస్కీ వ్యాపారుల ఇంటి ఆడపడుచు. సంగీతం నేర్చుకోవడానికి ఇటలీ వచ్చి ఈయనను పెళ్లాడింది. వాళ్ల చిన్నకొడుకు గుగ్లియెల్మో మార్కోనీ 1874 ఏప్రిల్ 25న బొలోనాలో జన్మించాడు. అన్న పేరు అల్ఫోన్సో.

బడిలో మార్కోనీ పేరు తెచ్చుకున్న విద్యార్థి కాడు. ఇది మనలో చాలామందికి ఊరట కలిగించే విషయం కనుక కొంచెం నిలబడి చెబుతున్నాను. ఆయన విశ్వవిద్యాలయంలో చేరి చదివిందీ లేదు, డిగ్రీ తీసుకున్నదీ లేదు. లివోర్నో పట్టణంలో విన్చెన్జో రోసా అనే ఉపాధ్యాయుని దగ్గర ప్రైవేటుగా విద్యుచ్ఛాస్త్రం చెప్పించుకున్నాడు. బొలోనా విశ్వవిద్యాలయంలో అగస్టో రీగీ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు వాళ్లకు పొరుగువాడు. తల్లి వెళ్లి మాట్లాడగా, ఆ పెద్దమనిషి కుర్రవాణ్ణి తన ప్రసంగాలు వినడానికీ గ్రంథాలయం వాడుకోవడానికీ రానిచ్చాడు. దొరికిన చదువు ఇంతే.

అప్పటికి విద్యుదయస్కాంత తరంగాలున్నాయని లోకానికి తెలుసు. జర్మనీలో హైన్రిచ్ హెర్ట్జ్ 1888 నాటికి ఒక ఉపన్యాస మందిరం నాలుగు గోడల మధ్యనే ఆ తరంగాలను పుట్టించి, వాటి పొడవు కొలిచి చూపించాడు. చెక్క తలుపు మూసినా అవతలి గదిలో తరంగం అందుతుందని, లోహపు రేకు అడ్డం పెడితే ఆగిపోతుందని కూడా ఆయనే కనిపెట్టాడు. పాపం, 1894 జనవరి 1న, 36 ఏళ్లకే కన్నుమూశాడు. రీగీ ఆయన స్మృత్యర్థం రాసిన వ్యాసం ఆ వేసవిలో కొండ ప్రాంతంలో సెలవులు గడుపుతున్న ఇరవై ఏళ్ల మార్కోనీ చదివాడు. ఈ తరంగాలతో తీగె లేకుండా తంతి పంపవచ్చు కదా అన్న ఆలోచన పట్టుకున్నది. ఇంటికి రాగానే అటక ఎక్కాడు.

మొదట చేసిన పరికరం ఏమిటో తెలుసునా? ఉరుముల హెచ్చరిక గంట. ఒక బ్యాటరీ, ఒక గంట, మధ్యన కోహీరర్ అనే చిన్న గాజు గొట్టంలో లోహపు రజను. మామూలుగా ఆ రజను విద్యుత్తును పోనివ్వదు. ఎక్కడో మెరుపు మెరిసి దాని తరంగం తాకగానే రజను రేణువులు అంటుకుని దారి ఇస్తాయి, గంట మోగుతుంది. అంటే ఆయన పెట్టెకు అందిన తొలి ప్రసారం మనిషిది కాదు, పిడుగుది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

1894 డిసెంబరులో ఒక రాత్రి తల్లిని నిద్ర లేపి అటక మీదికి తీసుకుపోయాడు. ఒక మూల బల్ల మీద మీట నొక్కితే గదికి అవతలి మూల గంట మోగింది. మధ్యన తీగె లేదు. తల్లి సంతోషించింది. తండ్రి సంగతి వేరు. కొడుకు పనీపాటా లేకుండా అటక మీద నిప్పురవ్వలతో ఆడుకుంటున్నాడని ఆయనకు మొదటినుంచీ అసంతృప్తి. అయినా తన కళ్లతో చూసిన మీదట, తీగె ఎక్కడా దాచలేదని రూఢి చేసుకుని, సామాన్లు కొనడానికి డబ్బు ఇచ్చాడు. పంట డబ్బు ఇటువంటి పనికి పెట్టే రైతు మనసు నాకు తెలుసు. ఆ డబ్బు తేలికగా వచ్చింది కాదు.

అయితే అటకలో ఎన్ని తంటాలు పడ్డా దూరం పెరగలేదు. 1895లో మార్కోనీ సామాన్లు కిందికి దింపి పొలంలోకి నడిచాడు. రేకు డబ్బా ఒకటి గుంజ మీదికి ఎత్తి, దానికి తీగె కట్టి, రెండవ కొసను నేలలో పాతిన లోహానికి కలిపాడు. మీదొకటి, భూమిలో ఒకటి. తరువాత ఆయనే చెప్పిన లెక్కలు ఇవి: పక్కకు 30 సెంటీమీటర్లుండే డబ్బాలను 2 మీటర్ల గుంజ మీద పెడితే సంకేతం 30 మీటర్లు పోయింది. 4 మీటర్ల గుంజ మీద 100 మీటర్లు, 8 మీటర్ల మీద 400 మీటర్లు. ఎత్తు రెట్టింపైతే దూరం ఇంచుమించు నాలుగింతలు. మీటరు పక్క గల పెద్ద డబ్బాలు 8 మీటర్ల ఎత్తున పెట్టినప్పుడు 2,400 మీటర్లు పోయింది. కొండకు అవతల అన్న అల్ఫోన్సో తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు. సంకేతం అందగానే పేల్చాడు. కొండ అడ్డం వచ్చినా అందిందన్నమాట. ఈ పనుల్లో సాయపడ్డవాళ్లు ఎస్టేటు రైతు ఒకరు, వడ్రంగి ఒకరు. చరిత్ర పుస్తకాల్లో వాళ్లకు ఒక పంక్తి కూడా సరిగా దక్కలేదు.

ఈ ఎత్తు సంగతి నాకు పుస్తకం చూడకముందే తెలుసు. మా మండలంలోనే మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారాలు మొదలైనవి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వాళ్లది, 90.4 మెగాహెర్ట్జ్ మీద. దళిత మహిళలే నడిపించిన ఆ కేంద్రం మన దేశపు సామాజిక రేడియో చరిత్రలో ముందు వరుసలోది. అటువంటి కేంద్రాలకు ప్రభుత్వం 2006లో పెట్టిన హద్దు 100 వాట్ల ప్రసార శక్తి, 30 మీటర్ల టవరు. 100 వాట్లంటే ఒకనాటి పెద్ద బల్బు. దాన్ని టవరెక్కిస్తే చుట్టుపట్ల ఊళ్లన్నిటికీ జొన్నల ముచ్చట, పాటలు వినబడ్డాయి. ఆ టవరు చూస్తూ పెరిగినవాణ్ణి గనుకనే నాకు ఈ పిచ్చి పట్టింది.

ఇక నా సంగతి. హామ్ రేడియో లైసెన్సు పరీక్ష రాయాలని నా కోరిక. హైదరాబాద్‌లో 1983లో స్థాపించిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉందని మా సీనియర్ ఒకరు చెప్పగా విన్నాను. లైసెన్సు లేనిదే ప్రసారం చేయరాదు, వినడానికి షార్ట్‌వేవ్ సెట్టు చాలు. సెట్టు సంపాదించాను. ఏరియల్ ఎక్కడ కట్టాలె? ఇంటి మీద గుంజ ఎత్తుతానంటే నాయిన ఒప్పుకోలేదు. పిడుగు పడుతుందన్నాడు. నేను పుస్తకాలు చదివినవాణ్ణి కదా, ఉపాయం కనిపెట్టాను. పది మీటర్ల రాగి తీగెను అటకలో, వాసాల కింద, అటూ ఇటూ మడిచి కట్టాను. వానకు తడవదు, ఎవరికీ కనబడదు, పిడుగుకూ కనబడదు అనుకున్నాను. సెట్టు బాగానే పలికింది. పెంకులు, కర్రలు తరంగాలను పెద్దగా ఆపవు, హెర్ట్జ్ తలుపు మూసి తేల్చిన విషయమే.

రోహిణి కార్తె చివర ఒక రాత్రి మా ఇంటి వెనుక వేపచెట్టు మీద పిడుగు పడింది. ఇంటి మీద పడలేదు. తీగెను తాకనూ లేదు. కానీ సెట్టు చచ్చిపోయింది. మూడు రోజుల తరువాత నాయిన అల్లం విత్తనం దించడానికి అటక ఎక్కినప్పుడు, తీగె కొస ఒక మేకుకు దగ్గరగా ఉన్నచోట, పక్కనున్న గోనెసంచి మీద రూపాయి బిళ్లంత నల్లమచ్చ చూశాడు. ఆ సంచి వెనుక ఎండిన చొప్ప, పాత పత్తి. సరిగ్గా దాని కింద నాయనమ్మ మంచం. నాయిన నన్ను తిట్టలేదు. సంచి కిందికి తెచ్చి నా ముందు పెట్టి పొలానికి పోయాడు.

ఎందుకట్లా అయింది? పిడుగులో ప్రవాహం 30,000 ఆంపియర్ల మాట. అది లిప్తలో పుట్టి లిప్తలో పోతుంది గనుక చుట్టూ ఉన్న ప్రతి పొడుగు తీగెలోనూ వోల్టేజీ పుట్టిస్తుంది. ఇరవై ఏళ్ల మార్కోనీ చేసిన గంటకు దూరాన మెరుపే అందినప్పుడు, నా తీగెకు పెరట్లో పిడుగు అందకపోతుందా! అటక ఏరియల్ పనిచేయడానికి ఏ కారణమో, అది పూర్తి రక్షణ కాకపోవడానికీ అదే కారణం. పెంకు దేన్నీ ఆపదు. మన దేశంలో ఏటా 2,500 మందికి పైగా పిడుగుపాటుకు చనిపోతున్నారని ప్రభుత్వ లెక్కలు. వాళ్లలో పొలాల్లో పని చేసుకునేవాళ్లు చాలామంది.

మళ్లీ మార్కోనీ దగ్గరికి పోదాం. స్వదేశంలో ఆదరణ లేక 1896 ఫిబ్రవరిలో తల్లి వెంట లండను చేరాడు. జూన్ 2న పేటెంటు దరఖాస్తు పెట్టాడు. తపాలా శాఖ ప్రధాన ఇంజనీరు విలియం ప్రీస్ అండగా నిలిచాడు. 1897 మే 13న బ్రిస్టల్ ఛానల్‌లో సముద్రం మీదుగా 6 కిలోమీటర్ల దూరం సంకేతం పంపాడు. ఆ జులైలోనే కంపెనీ పెట్టాడు. 1899లో ఇంగ్లండు నుంచి ఫ్రాన్సుకు. ఇవన్నీ వరుసగా గెలుపులే, ఏకరువు పెడితే విసుగు.

ఓటమి దగ్గరే మనిషి తెలుస్తాడు. అట్లాంటిక్ దాటించాలని కార్నవాల్‌లోని పోల్డూ దగ్గర 60 మీటర్ల స్తంభాలు ఇరవై వలయంగా నిలబెట్టించాడు. 1901 సెప్టెంబరు గాలివానకు అన్నీ కూలిపోయాయి. అమెరికా తీరాన నిలబెట్టిన వాటికీ అదే గతి పట్టింది. పంట చేతికొచ్చే ముందు వడగళ్లు పడ్డ రైతులాగా కూర్చోకుండా, పోల్డూలో రెండు స్తంభాలతో సరిపెట్టి, తాను న్యూఫౌండ్లాండు పోయి సిగ్నల్ హిల్ మీద గాలిపటం ఎగరేశాడు. దానికి కట్టిన 150 మీటర్ల తీగె కొసను కిటికీ గుండా ఒక పాత కట్టడంలోని గదిలోకి తెచ్చి, చెవికి రిసీవరు పెట్టుకుని కూర్చున్నాడు. డిసెంబరు 12 మధ్యాహ్నం మూడు చుక్కలు, అంటే మోర్సు సంకేతంలో ఎస్ అక్షరం, విన్నానన్నాడు. దూరం సుమారు 3,500 కిలోమీటర్లు. పట్టపగలు ఆ తరంగం అంత దూరం వచ్చి ఉండదని, ఆయన విన్నది ఆకాశపు గరగరే కావచ్చునని అనుమానించిన వాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మరుసటేడు ఓడలో ప్రయాణిస్తూ కొలిచి చూస్తే పగలు సుమారు 1,100 కిలోమీటర్లు, రాత్రి 3,300 కిలోమీటర్ల పైచిలుకు అందింది. పగటికీ రాత్రికీ తేడా ఉందని అట్లా బయటపడింది.

ఆ గాలిపటం రోజు వాడిన గ్రాహకాల్లో పాదరసపు కోహీరర్ ఒకటి. మన జగదీశ్ చంద్ర బోసు ఇనుమూ పాదరసమూ వాడి చేసిన అటువంటి పరికరాన్ని 1899లోనే లండను రాయల్ సొసైటీ ద్వారా లోకానికి వెల్లడించి ఉన్నాడు. 1895లోనే కలకత్తాలో ఆయన తరంగాలతో గంట మోగించి చూపించాడు కూడా. పేటెంట్ల మీద ఆయనకు మక్కువ లేదు. మార్కోనీకి ఉన్నది. బోసు పేరు చెప్పకుండా మార్కోనీ పేరు చెప్పడం అన్యాయమని నా అభిప్రాయం. అలాగని మార్కోనీ దొంగ అనడమూ తొందరపాటే. ఆయన గొప్పతనం గాజు గొట్టంలో లేదు, గుంజ మీదికెత్తిన తీగెలోనూ నేలలో పాతిన రేకులోనూ ఉన్నది. అమెరికా సుప్రీంకోర్టు సైతం 1943లో ఆయన ట్యూనింగ్ పేటెంటులోని కీలక భాగాలను, అంతకు ముందే లాడ్జ్, టెస్లా, స్టోన్ చేసిన పనుల దృష్ట్యా కొట్టివేసింది.

1909లో కార్ల్ బ్రౌన్‌తో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగినప్పుడు ఆపద సంకేతాలు పంపిన ఇద్దరు ఆపరేటర్లూ మార్కోనీ కంపెనీ ఉద్యోగులే. వారిలో జాక్ ఫిలిప్స్ చివరిదాకా మీట వదలక ప్రాణం పోగొట్టుకున్నాడు. బతికిన ఏడువందల పైచిలుకు మందీ ఆ సంకేతం వల్లనే బతికారు. అదే ఏడు మార్కోనీ మోటారు ప్రమాదంలో కుడికన్ను పోగొట్టుకున్నాడు. తరువాతి కాలంలో ఎలెట్రా అనే తన ఓడనే ప్రయోగశాల చేసుకుని హ్రస్వ తరంగాల మీద పని చేశాడు. దాని ఫలితంగా 1927లో ఇంగ్లండుకూ మన దేశానికీ మధ్య బీమ్ వైర్‌లెస్ సర్వీసు ప్రారంభమైంది.

ఒక మచ్చ దాచకూడదు. 1923లో ఆయన ముస్సోలినీ ఫాసిస్టు పార్టీలో చేరాడు, పదవులు స్వీకరించాడు, ఆ ప్రభుత్వానికి తన పేరును అరువిచ్చాడు. భయపడి చేసిన పని కాదు అది, ఇష్టపడే చేశాడు. జీవిత చరిత్రలు రాసేవాళ్లు కొందరు ఈ అధ్యాయాన్ని నాలుగు మాటల్లో దాటేస్తారు. అంత పెద్ద బుర్ర అంత చిన్న మనిషి ముందు వంగిందేమిటని నాకు ఇప్పటికీ బాధ.

1937 జులై 20న రోములో గుండెజబ్బుతో మరణించాడు. వయసు 63. ఆయన గౌరవార్థం రేడియో కేంద్రాలు రెండు నిమిషాలు ప్రసారం ఆపినవి. సమాధి విల్లా గ్రిఫోనె ఆవరణలోనే కట్టారు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం, పట్టుపురుగుల గదిని కూడా చూపిస్తారు.

రేపు లైసెన్సు వచ్చినా అటకలో ప్రసారం చేయవచ్చునా అని మా హాస్టల్ మిత్రుడొకడు అడిగాడు. అయిదు పది వాట్లకు, తీగె మంచాలకు దూరంగా ఉంటే, పెద్ద చిక్కు లేదు. ఏరియల్‌కు దూరంగా, దూరం రెట్టింపైతే తరంగ తీవ్రత నాలుగోవంతవుతుంది. 100 వాట్లయితే మాత్రం కింద మనుషులు పడుకునే అటక పనికిరాదు. కొసల దగ్గర వందల వోల్టులు పుడతాయి. చొప్ప, పత్తి, పాత కరెంటు వైర్లు ఉన్నచోట అది నిప్పుతో సమానం. పైగా ఆ తరంగం కరెంటు వైర్లలోకి ఎక్కి ఇంట్లోని టీవీనీ తిప్పలు పెడుతుంది. ఇక ఉరుము వినబడితే, ఏరియల్ లోపల ఉన్నా బయట ఉన్నా, సెట్టు నుంచి తీగె విడదీయవలసిందే. అయితే ఆ పని ఉరుము ఇంకా దూరాన ఉన్నప్పుడే చేయాలె, నెత్తి మీదికి వచ్చాక తీగె ముట్టుకోరాదు.

మాచ్‌నూరు టవరు కింద భూమిలోకి పోయే మందపాటి పట్టీ చూపించి, మార్కోనీ పాతిన రేకు కథ చెబితే నాయిన శ్రద్ధగా విన్నాడు. బోరు మోటారుకు ఎర్తు గుంత ఎందుకు తవ్వుతామో ఆయనకు నేను చెప్పవలసిన పని లేదు. అటకలోని తీగె తీసేశాను. ఇంటికి దూరంగా, పశువుల కొట్టం అవతల, కరెంటు లైనుకు అందకుండా గుంజ పాతుతున్నాము. దాని పక్కనే ఎర్తు గుంత. ఉప్పు, బొగ్గులు, జి.ఐ. పైపు తెచ్చిపెట్టాము. మూడడుగులు పోయేసరికి ఎర్రమొరం గట్టిగా తగిలింది. గడ్డపార కొస వంగింది. కమ్మరి దగ్గర సాన పట్టించుకొస్తానని నాయిన జహీరాబాద్ పోయాడు.